అండం చుట్టూ రవ్వంత లోకం

తుమ్మలపల్లె అనగానే పేపరు చదివేవాళ్లకు యురేనియం గని గుర్తొస్తుంది. కడప జిల్లా వేముల మండలంలోని ఆ ఊరి నుంచి పులివెందుల దాకా పరుచుకున్న మెట్ట నేలల్లో గని కంటే ఎంతో పాత బతుకుదెరువు ఒకటుంది. అది గొర్రెల మంద. వాన ముఖం చాటేసిన ఏడు శెనక్కాయ పంట చేతికి రాకపోయినా మంద ఇల్లు గడుపుతుంది. మన నెల్లూరు జాతి గొర్రె దేశంలోని గొర్రెజాతుల్లో ఎత్తులో మేటి. అయినా ఒక ఈతకు సాధారణంగా ఒక్క పిల్లనే ఈనుతుంది. సుందరవనాల బురద నేలల్లో మేసే బెంగాల్ గరోల్ గొర్రె ఒళ్లు చూస్తే మన గొర్రెలో సగం కూడా ఉండదు. అది మాత్రం ఈతకు రెండు, ఒక్కోసారి మూడు పిల్లలను ఈనుతుంది. ఇంత పెద్ద ఒళ్లున్న జీవానికి ఒకటి, అంత చిన్నదానికి రెండు మూడు. ఎందుకని?

అండాలు ఎక్కువున్నాయి కాబట్టి అని చప్పున అనేస్తాం. కానీ రెండింటి అండాశయాల్లోనూ అండాలు వేలల్లోనే ఉంటాయి. ప్రతి ఎదలోనూ కొన్ని అండాలు పెరుగుదల మొదలుపెడతాయి, వాటిలో దాదాపు అన్నీ మధ్యలోనే చచ్చిపోతాయి. కాబట్టి అడగవలసింది అండాలు ఎన్ని ఉన్నాయని కాదు, ఎన్ని నిలబడుతున్నాయని. నిలబెట్టేదెవరో వెతుక్కుంటూ పోతే అండం బయటికి, దాన్ని చుట్టుకుని ఉన్న కణాల దగ్గరికి చేరతాం. సంతానం గురించి మనం మాట్లాడే మాటల్లో అండానికి ఉన్న పేరు ఈ కణాలకు లేదు. గొర్రె ఈతలోనైనా, ఆడవాళ్ల రక్తపరీక్ష చీటీలోనైనా, ఈ కణాలను పక్కన పెడితే సగం సంగతి తప్పుగానే అర్థమవుతుందని ఈ వ్యాసం వాదన.

కందిగింజంత బుడగలో

కబేళా నుంచి తెచ్చిన గొర్రె అండాశయాన్ని ఉప్పునీళ్లలో కడిగి అరచేతిలో పెట్టుకుంటే బాదం పప్పంత ఉంటుంది. పైన అక్కడక్కడా నీటి పొక్కుల్లాంటి బుడగలు కనిపిస్తాయి. కొన్ని ఆవగింజంత, ఒకటో రెండో కందిగింజంత. ఈ బుడగ పేరు అండపుటిక. సన్నని సూదితో గుచ్చి లోపలి నీటిని గాజు పళ్లెంలోకి లాగి సూక్ష్మదర్శిని కింద పెడితే, మధ్యలో గుండ్రటి అండం, దాని చుట్టూ రవ్వ అద్దినట్టు గుత్తులు గుత్తులుగా చిన్న కణాలు. అండం మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. ఒంట్లోని పెద్ద కణాల్లో అది ఒకటి. చుట్టూ ఉన్నవి దానికంటే ఎంతో చిన్నవి, కానీ వేలల్లో, పండిన పుటికలో లక్షల్లో ఉంటాయి. రవ్వరవ్వగా కనిపిస్తాయనే వాటికి లాటిన్‌లో గ్రాన్యులోసా కణాలని పేరు పెట్టారు.

అదే అండాన్ని పండించే మందులు కలిపిన ద్రవంలో ఒక రోజు ఉంచి మళ్లీ చూడండి. చుట్టూ బిగుసుకుని ఉన్న కణాలు దూరదూరంగా జరిగి, వాటి మధ్య పారదర్శకమైన జిగురు నిండి ఉంటుంది. ఎండాకాలం షర్బత్‌లో వేసిన సబ్జా గింజలు ఉబ్బినట్టే. ఈ జిగురును తయారుచేసేది ఆ కణాలే. పుటిక పగిలినప్పుడు అండం ఈ జిగురు ముద్దతో కలిసే బయటపడుతుంది. అండవాహిక నోరు దాన్ని పట్టుకుని లోపలికి లాక్కునేది కూడా ఈ ముద్ద ఉంటేనే. జిగురు సరిగా రాని ఎలుకల్లో అండాలు పండినా పిల్లలు పుట్టడం బాగా తగ్గిపోతుంది.

ఈ బుడగలను 1672లో డచ్ వైద్యుడు రెయ్‌నియర్ డి గ్రాఫ్ వర్ణించాడు. బుడగ మొత్తమే అండమనుకున్నాడు. అసలు అండం బుడగలో ఒక మూలన ఉన్న చుక్క అని తేలడానికి 155 ఏళ్లు పట్టింది. 1827లో కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేర్ ఒక కుక్క అండాశయంలో దాన్ని చూశాడు. డి గ్రాఫ్ బుడగను చూసి అండాన్ని చూడలేకపోయాడు. మనమేమో అండాన్ని చూశాక బుడగను మరిచిపోయాం.

పుటికలో ఎవరెక్కడ: మధ్యలో అండం. దాని మీద గాజులాంటి మందపాటి పొర. ఆ పొరకు బయట అండాన్ని అంటిపెట్టుకున్న గ్రాన్యులోసా కణాల గుత్తి, దీనికే క్యుములస్ అని పేరు. తర్వాత నీరు. బుడగ లోపలి గోడకు మళ్లీ గ్రాన్యులోసా కణాల వరసలు. వాటికి బయట ఒక పలచని పొర, ఆపైన థీకా కణాల తొడుగు. రక్తనాళాలు ఈ తొడుగు దాకానే వస్తాయి. పుటిక పగిలేదాకా గ్రాన్యులోసా పొరలోకి ఒక్క రక్తనాళం కూడా పోదు.

రాగులు వేరు, సంగటి ముద్ద వేరు

రక్తం రానిచోట అండం ఏం తిని బతుకుతుంది? కరువులో ట్యాంకరు వీధి చివరే ఆగితే బిందెలు చేతులు మారుతూ చివరి ఇంటికి చేరినట్టు, తిండి ఒక గ్రాన్యులోసా కణం నుంచి పక్క కణానికి అందుతూ పోతుంది. ఈ కణాల గోడల మధ్య సన్నని రంధ్రాలుంటాయి. చిన్న అణువులు వాటిగుండా అటూ ఇటూ పోతాయి. అండానికి దగ్గరి కణాలైతే గాజు పొరలోంచి వేళ్లలాంటి సన్నని కొమ్మలు చొప్పించి అండాన్ని నేరుగా తాకుతాయి. పొర మందం పెరుగుతున్నా ఆ స్పర్శ తెగదు.

అందేది మామూలు తిండి కూడా కాదు. ఒంట్లోని చాలా కణాలకు చక్కెర ముఖ్యమైన ఇంధనం, కానీ అండం గ్లూకోజును తనంతట తాను సరిగా వాడుకోలేదు. గ్రాన్యులోసా కణాలు ఆ గ్లూకోజును తీసుకుని సగం అరిగించి, పైరువేట్ అనే చిన్న అణువుగా మార్చి ఇస్తాయి. అండం దాన్ని కాల్చుకుని శక్తి తీసుకుంటుంది. రాగులు తెచ్చి ముందు పెడితే పసిబిడ్డ తినలేడు. విసిరి, సంగటి గెలికి, ముద్ద చేసి నోటికి అందించాలి. కొలెస్ట్రాల్ విషయంలోనూ ఇంతే. ఎలుక అండం దాన్ని తగినంత తయారుచేసుకోలేదు, చుట్టూ ఉన్న కణాలే చేసిపెడతాయి.

ఇదంతా ప్రయోగాలు తేల్చిన మాటే. అందులో ఒక ముఖ్యమైన పని మన రాయలసీమలోనే జరిగింది. తిరుపతి పశువైద్య కళాశాలలో వి.హెచ్. రావు బృందం కబేళా గొర్రెల అండాశయాల నుంచి, ఇంకా నీరు కూడా పట్టని చిన్న పుటికలను విడదీసి గాజు పళ్లేల్లో ఏళ్ల తరబడి పెంచుతూ వచ్చింది. 2010లో ప్రచురించిన ఫలితాల్లో, అలా పెంచిన పుటికల్లోని అండాలు పండి, ఫలదీకరణ చెంది, మల్బరీ పండులాంటి కణాల ముద్దగా ఎదిగే దశ దాకా పోయాయి. వాళ్లు పెంచింది విడి అండాన్ని కాదు, పుటికనే. కలిపిన హార్మోన్లూ ముందు పలకరించేది అండాన్ని కాదు, చుట్టూ ఉన్న కణాలనే. చుట్టూ ఉన్న కణాలను ఒలిచేస్తే అంత చిన్న అండం పెరుగుదల అక్కడితో ఆగిపోతుంది.

ఆగు అనేది, సాగు అనేది

తిండి పెట్టడం కంటే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచే పని ఇంకొకటుంది. అండం తన ఆఖరి విభజనను తల్లి కడుపులో ఉండగానే మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోతుంది. మనుషుల్లో ఆ ఆగడం పన్నెండేళ్లు కావచ్చు, నలభై ఏళ్లు కావచ్చు. అన్నాళ్లు దాన్ని ఎవరు పట్టి ఉంచుతున్నారు? 1935లో పింకస్, ఎన్జ్‌మన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కుందేలు అండాలను పుటికలోంచి బయటికి తీశారు. ఏ హార్మోనూ ఇవ్వకుండానే అవి వాటంతట అవే విభజన కొనసాగించాయి. అంటే అండానికి ముందుకు పోయే శక్తి ఎప్పుడూ ఉంది, పుటిక దాన్ని ఆపుతోంది. ఎలా ఆపుతోందో తేలడానికి మరో ముప్పావు శతాబ్దం పట్టింది. గ్రాన్యులోసా కణాలు సైక్లిక్ జీఎంపీ అనే చిన్న అణువును తయారుచేసి, ఆ రంధ్రాల గుండా అండంలోకి ఆగకుండా పంపుతూ ఉంటాయి. అది అందుతున్నంతసేపూ అండం ఆగి ఉంటుంది. మెదడు కింద ఉన్న పీయూష గ్రంథి నుంచి ఎల్‌హెచ్ అనే హార్మోను ఉప్పెనలా వచ్చినప్పుడు ఆ కణాలు సరఫరా తగ్గించి రంధ్రాలు మూసేస్తాయి. అప్పుడు అండం కదులుతుంది. ఆ హార్మోనును అందుకునే గ్రాహకాలు అండానికి లేనే లేవు. మెదడు నుంచి వచ్చే కబురు ఏదైనా మొదట గ్రాన్యులోసా చెవిన పడాల్సిందే.

ఫెర్టిలిటీ సెంటర్లలో ఇచ్చే ఇంజెక్షన్లు కూడా ఇదే దారిన పోతాయి. రోజూ పొడిచే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోను పనిచేసేది గ్రాన్యులోసా కణాల మీద. ఆఖరున ఇచ్చే ట్రిగ్గర్ ఇంజెక్షన్ కబురు అందుకునేదీ అవే. ఒంట్లోని ఈస్ట్రోజెన్‌లో అధిక భాగం కూడా వీటి చేతి పనే, అయితే ఒంటి చేత్తో కాదు. బయటి థీకా కణాలు ముడిసరుకుగా పురుష హార్మోనులాంటి పదార్థాలను ఇస్తాయి, గ్రాన్యులోసా కణాలు వాటిని ఈస్ట్రోజెన్‌గా మారుస్తాయి. ఒకరు శెనక్కాయ వొలిచి గింజ ఇస్తే మరొకరు గానుగాడించి నూనె తీసినట్టు. అండం వెళ్లిపోయాక కూడా ఈ కణాలకు సెలవు లేదు. ఖాళీ పుటికలో అవి రూపు మార్చుకుని పసుపు ముద్దగా ఏర్పడి, గర్భం నిలవడానికి కావలసిన ప్రొజెస్టెరాన్‌ను ఇస్తాయి.

మరి అండం చేతిలో ఏమీ లేదా?

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఈ కణాలు పనివాళ్లే, యజమాని అండమే అని వాదించేవాళ్ల దగ్గర మంచి సాక్ష్యాలున్నాయి. జీడీఎఫ్-9 అనే సందేశ పదార్థాన్ని అండం తయారుచేస్తుంది. 1996లో శాస్త్రజ్ఞులు ఆ జన్యువు లేని ఎలుకలను సృష్టిస్తే, వాటి పుటికల్లో గ్రాన్యులోసా ఒక్క వరస దగ్గరే ఆగిపోయింది, ఎలుకలు గొడ్డుబోయాయి. అమెరికాలో జాన్ ఎపిగ్ బృందం 2002లో ఇంకో అడుగు వేసింది. సగం ఎదిగిన అండాన్ని తీసి, అప్పుడే పుట్టిన పిల్ల పుటికలోని లేత కణాలతో కలిపింది. ఆ లేత కణాలు తమ వయసును మరిచి అండం వేగాన్ని అందుకున్నాయి. పుటిక పెరుగుదల దాదాపు రెండింతల వేగంతో సాగింది. చేతిగడియారం అండం దగ్గర ఉంది, ఒప్పుకోవలసిందే.

కానీ ఆ గడియారానికి తాళం తిప్పేదెవరు? ఏళ్ల తరబడి నిద్రపోతున్న అండాన్ని మొదట లేపేది దాన్ని చుట్టుకున్న గ్రాన్యులోసా పూర్వ కణాలేనని 2014లో ఎలుకల మీద జరిగిన పని చూపింది. ఆ కణాల్లో పెరుగుదల మీటను నొక్కితే లోపలి అండాలు గుంపుగా మేల్కొన్నాయి, అక్కడే ఆ మీటను కట్టేస్తే నిద్రలోనే ఉండిపోయాయి. అండాశయం అండాశయంగా ఉండడమే ఈ కణాల మీద ఆధారపడింది. ఫాక్స్‌ఎల్‌2 అనే జన్యువును ఎదిగిన ఆడ ఎలుకల అండాశయంలో 2009లో తీసేసినప్పుడు, గ్రాన్యులోసా కణాలు వృషణంలో ఉండే కణాల్లా మారిపోయాయి. ఐరోపా పాల మేకల్లో కొమ్ములు లేని వాటిని కొమ్ములు లేని వాటితోనే దాటిస్తే, పుట్టిన ఆడపిల్లల్లో కొన్ని పోతుపోలికతో గొడ్డుగా మిగలడం అక్కడి పెంపకందార్లకు ఎన్నాళ్లుగానో తెలిసిన చిక్కు. 2001లో దొరికిన జన్యులోపం వల్ల కూడా ఇదే జన్యువు పనిచేయకుండా పోతుంది. వీటన్నిటినీ ముందు పెట్టుకుని నా తీర్పు ఇది: అండం, గ్రాన్యులోసా ఒకదాన్నొకటి పెంచుకునే జంట. జంటలో ఒకరినే లెక్కపెట్టి మిగతాదాన్ని ఊహించడమే పొరపాటు.

పక్క బావిని ఎండగట్టే బోరు

ఇప్పుడు గొర్రె దగ్గరికి వద్దాం. ఒక ఎదలో పెరుగుదల మొదలుపెట్టిన పుటికలన్నీ ఎఫ్‌ఎస్‌హెచ్ అనే నీటి మీద బతుకుతాయి. వాటిలో కాస్త ముందున్న పుటికలో గ్రాన్యులోసా కణాలు ఎక్కువ, కాబట్టి ఈస్ట్రోజెన్, ఇన్‌హిబిన్ అనే హార్మోన్లు ఎక్కువ. ఈ రెండూ మెదడు దాకా పోయి, ఎఫ్‌ఎస్‌హెచ్ చాలు అని చెబుతాయి. నీటిమట్టం పడిపోతుంది. మిగతా పుటికల గ్రాన్యులోసా కణాలు ఎండి చచ్చిపోతాయి, వెంటే వాటి అండాలు. పెద్ద పుటిక మాత్రం అప్పటికే ఎల్‌హెచ్ గ్రాహకాలు సంపాదించుకుని రెండో ఊటకు దిగి ఉంటుంది. పులివెందుల చీనీ తోటల్లో వెయ్యి అడుగుల బోరు వేసినవాడి తోట నిలబడి చుట్టూ బావులు ఎండిన తీరు చూసినవాళ్లకు ఇంకో పోలిక అక్కర్లేదు. అందుకే ఒక్క పిల్ల.

గరోల్ గొర్రెలో ఈ కథ మారింది. దాని వంశంలో ఫెక్‌బి అనే జన్యుమార్పు ఉంది. 1790లలో బెంగాల్ నుంచి ఓడల్లో ఆస్ట్రేలియా చేరిన గొర్రెలతో అది అక్కడి బూరూలా మెరినో మందలోకి కూడా పోయింది. అందుకే ఆ మంద కవలలకు పేరుపడింది. 2001లో మూడు పరిశోధక బృందాలు వేరువేరుగా ఆ మార్పు ఎక్కడుందో పట్టుకున్నాయి. అది గ్రాన్యులోసా కణాలూ అండమూ సందేశాలు అందుకునే ఒక గ్రాహకంలో ఒకే ఒక్క అక్షరం తేడా. దాని ఫలితం చూడదగ్గది. ఈ గొర్రెల్లో పుటిక చిన్నగా ఉండగానే గ్రాన్యులోసా కణాలు ముదిరి, రెండో ఊటకు ముందే దిగుతాయి. అందుకే నీటిమట్టం పడిపోయినా రెండు మూడు పుటికలు నిలుస్తాయి. న్యూజిలాండ్‌లో ఈ పుటికల్లోని కణాలను లెక్కపెట్టినవాళ్లకు ఇంకో సంగతి కనిపించింది. ఈ చిన్న పుటికలన్నిటిలోని గ్రాన్యులోసా కణాలు కలిపితే, మామూలు గొర్రె ఒక్క పెద్ద పుటికలోని కణాలకు దాదాపు సమానం. పనివాళ్లు అంతమందే, ఒక ఇంట్లో ఉండాల్సినవాళ్లు మూడిళ్లలో సర్దుకున్నారు. ఈ మార్పు ఒక నకలు ఉంటే ఎదకు సుమారు ఒకటిన్నర అండాలు అదనంగా విడుదలవుతాయి.

మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్కర్ వ్యవసాయ పరిశోధనా సంస్థ ఈ జన్యువును గరోల్ నుంచి దక్కనీ గొర్రెలోకి తెచ్చి, నారీ సువర్ణ అనే రకాన్ని తయారుచేసింది. దక్కనీ కూడా మన గొర్రెలాగే మెట్ట ప్రాంతాల్లో మేసేదే. అయితే మన మందలన్నిటికీ దాన్ని ఎక్కించేయాలా? తొందరపడకూడదనే నా అభిప్రాయం. రెండు పిల్లలంటే రెట్టింపు పాలు కావాలి, మేతా ఎక్కువ కావాలి. కరువు ఏట మైళ్లు నడిచి మేసే తల్లికి ఒక పిల్లను సాకడమే కష్టం. మేత, నీడ, పిల్లలకు పాలు చూసుకోగల కాపరికి కవలలు లాభం. అవి లేనిచోట అదే జన్యువు పిల్లల చావులను పెంచుతుంది.

ఎండ పోయినా దెబ్బ పోదు

ఎండాకాలంలో ఎనుము ఎదకొచ్చినా గుర్తులు కనపడకపోవడాన్ని మూగ ఎద అంటారు. అరుపు లేదు, తీగ సరిగా లేదు, రైతు గమనించేలోపు కాలం దాటిపోతుంది. ఎద గుర్తులు తెచ్చేది గ్రాన్యులోసా కణాల ఈస్ట్రోజెన్. వేడికి ఆ కణాల ఉత్పత్తి తగ్గుతుందని ఆవుల మీద జరిగిన పరిశోధనలు చూపాయి. ఇంకా ముఖ్యమైన సంగతి ఇజ్రాయెల్‌లో బయటపడింది. అక్కడ వేసవి పోయి చల్లబడ్డాక కూడా కొన్ని వారాల పాటు ఆవులు సరిగా కట్టలేదు. కారణం, పుటిక పెరగడానికి నెలలు పడుతుంది, శరత్కాలంలో పండిన పుటిక ఎండల్లోనే పసిది. ఆ దెబ్బతిన్న పుటికలను స్కానింగ్ సాయంతో వరసగా తీసేస్తే తర్వాతి పుటికల నుంచి మంచి అండాలు తొందరగా వచ్చాయి. ఎనుముకు నీడ, నీళ్లు చినుకులు పడ్డాక పెట్టి లాభం లేదు, ఎండల్లోనే పెట్టాలి.

ఏఎంహెచ్ అంకెను ఎలా చదవాలి?

అండాల లెక్క: ఆడశిశువు గర్భంలో 20 వారాల వయసులో 60 నుంచి 70 లక్షల అండాలు. పుట్టేసరికి 10 నుంచి 20 లక్షలు. రజస్వల నాటికి 3, 4 లక్షలు. జీవితకాలంలో విడుదలయ్యేవి సుమారు 400.

కర్నూలు, కడప, తిరుపతి లాంటి ఊళ్లలో కూడా ఇప్పుడు పెళ్లై రెండేళ్లైన అమ్మాయి చేతికి ఏఎంహెచ్ అనే హార్మోను పరీక్ష చీటీ వస్తోంది. అంకె తక్కువగా ఉంటే అండాలు అయిపోతున్నాయనే మాట ఇంటిల్లిపాదినీ కుదిపేస్తుంది. ఆ హార్మోనును అండం తయారుచేయదు. ఎదుగుతున్న చిన్న పుటికల్లోని గ్రాన్యులోసా కణాలు తయారుచేస్తాయి. అంటే ఆ అంకె ఇప్పుడు ఎన్ని పుటికలు పనిలో ఉన్నాయో చెబుతుంది, అంతే. ఐవీఎఫ్‌లో ఇంజెక్షన్లకు ఎన్ని అండాలు రావచ్చో అంచనా కట్టడానికి అది బాగా పనికొస్తుంది. సహజంగా గర్భం వస్తుందా రాదా అనడానికి మాత్రం కాదు. అమెరికాలో 30 నుంచి 44 ఏళ్ల వయసు ఉండి, గర్భధారణ సమస్య చరిత్ర లేని 750 మంది స్త్రీలను గమనించి 2017లో వెలువరించిన ఫలితాల్లో, ఏఎంహెచ్ తక్కువ ఉన్నవాళ్లకు గర్భం రావడం తగ్గలేదు. పీసీఓఎస్ అనే అండాశయ సమస్య ఉన్నవాళ్లలో చిన్న పుటికలు గుంపుగా ఆగిపోతాయి, అందుకే అంకె బాగా పెరుగుతుంది. ఎక్కువ ఉందని సంబరపడడానికీ లేదు.

వయసు మాటేమిటంటారా? అది న్యాయమైన ప్రశ్న. 2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్బై దాటిన స్త్రీకి కవల ఆడపిల్లలు పుట్టారు. అండాలు వేరొకరివి. గర్భసంచి ఆ వయసులో కూడా మోయగలిగింది, సొంత అండాలు మాత్రం ఎప్పుడో అయిపోయాయి. తర్వాత 2021లో వచ్చిన చట్టం ఇలాంటి చికిత్సకు స్త్రీకి 50 ఏళ్లు హద్దు పెట్టింది. వయసుతో అండంలోని క్రోమోజోములను కలిపి ఉంచే బంధాలు సడలడం అండంలో జరిగే నష్టమే. గ్రాన్యులోసా కణాలు దాన్ని పూడ్చలేవు, ఏఎంహెచ్ అంకె దాన్ని చూపలేదు కూడా. నలభైలో మంచి అంకె వచ్చిందని ఆగితే ఎంత నష్టమో, ఇరవై ఎనిమిదిలో తక్కువ అంకె వచ్చిందని కుంగిపోవడమూ అంతే నష్టం.

కాబట్టి చీటీ చేతికొచ్చినప్పుడు అంకె ఒక్కదాన్నే చూసి ఇంట్లో ఎవరినీ నిందించకండి. నెలసరి క్రమంగా వస్తోందా, వయసెంత, భర్త వీర్యపరీక్ష చేయించారా అనే మూడు సంగతులు ఆ అంకె పక్కన పెట్టి డాక్టరును అడగండి. 35 ఏళ్ల లోపు అయితే ఏడాది ప్రయత్నించాక, 35 దాటితే ఆరు నెలలకే, భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్లండి.